కేరేజీలు కూర్చున్న బస్సు

మా గని ఊళ్ళో ఉదయం ఎనిమిదింబావు బస్సు ఎప్పుడూ నిండుగానే ఉండేది. సీట్లలో కేరేజీలు కూర్చునేవి, మనుషులం నిలబడేవాళ్ళం. ఆ బస్సును కాపాడతానని నడుం బిగించి, చేతులారా ఆపించిన మహా ఇల్లాలిని నేనే. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి ఎవరికైనా చెబితే మొదట నవ్వుతారు, తర్వాత నమ్మరు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

బస్తరులో ఇనుపరాయి కొండ కింద, విశాఖ నుంచి వచ్చే రైలు లైను దాదాపు అయిపోయే చోట మా ఊరు. మావారు రైల్వేలో గేట్‌మన్. పెళ్ళైన ఏడాదే విజయనగరం వైపు నుంచి ఓ ట్రంకు పెట్టె, ఓ రుబ్బురోలు వేసుకుని ఆయన వెంట వచ్చేశాను. స్టేషను పక్కన మా రైల్వే కాలనీ. దానికి ఆనుకుని గని కార్మికుల కింది క్వార్టర్లు. రైలుగేటు దాటి అయిదు కిలోమీటర్లు పైకి పోతే బజారు, ఆస్పత్రి, బడి. ఇంకో నాలుగు కిలోమీటర్లు ఎక్కితే లారీలు, యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపు. కాలనీలో ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కాషాయం కట్టేది. అంత ఎర్ర దుమ్ము.

ఆ బడిలో తెలుగు పిల్లల కోసం ఓ సెక్షను ఉండేది. దానికి నేను తాత్కాలిక టీచరుని. అంతకుముందు ఆ ఊళ్ళో నేను గేట్‌మన్ భార్యని, అంతే. బడిలో చేరాక టీచరమ్మనయ్యాను. కూరల దుకాణంవాడు కూడా లేచి నిలబడి దోసకాయలు తూచేవాడు. ఆ గౌరవం నాకెంత ఇష్టమో చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. అయితే తాత్కాలిక టీచరుకి ఓ నియమం ఉండేది. నెలలో మూడు లేట్ మార్కులు పడితే పేరు కొట్టేస్తారు. మావారికి ఇంకో నియమం ఉండేది.

"బస్సున్నన్నాళ్ళు ఉజ్జోగం సేసుకో. బస్సు పోయిననాడు ఇంట్లో కూకో. ఎండలో అయిదు కిలోమీటర్లు నడిసి ఎల్డానికి నువ్వేటి, కూలికెల్తన్నావా?" అనేవారు.

కనుక బస్సుంటే నేను టీచరమ్మని. లేకపోతే మళ్ళీ గేట్‌మన్ భార్యని.

ఇక కేరేజీలు. మొదట్లో ఆ గని కంపెనీ బస్సులో మనుషులే కూర్చునేవారట. కింది క్వార్టర్ల వాళ్ళంతా అందులోనే వర్క్‌షాపుకి పోయేవారు. ఎవరి సీటు వారిదే. కాగితం మీద ఎక్కడా రాసి లేదు కానీ వెల్డింగు ఫోర్‌మన్‌గారి కిటికీ సీట్లో ఇంకొకరు కూర్చుంటే ఊరు ఊరంతా చెప్పుకునేది. తర్వాత స్కూటర్లొచ్చాయి. లోను పెట్టి ఒకరి తర్వాత ఒకరు కొన్నారు. స్కూటరు మీద మనిషి వెళ్ళగలడు కానీ పులుసు వెళ్ళలేదు. కొండ మలుపుల్లో నాలుగు గిన్నెల కేరేజీలోంచి పులుసు కారి పంటలాం మీదకి వచ్చేది. దాంతో ఆడవాళ్ళు ఓ ఉపాయం కనిపెట్టారు. మొగుళ్ళు స్కూటర్ల మీద ముందు పోతారు. కేరేజీలు తువ్వాలు కట్టుకుని వెనక బస్సులో వస్తాయి. ఎక్కడ కూర్చుంటాయి? ఆ మొగుడి సీట్లోనే.

అలా నలభై సీట్లకి నలభై కేరేజీలయ్యాయి. మూతల మీద గోళ్ళరంగుతో మొగుళ్ళ వర్క్‌షాపు టోకెన్ నంబర్లు. ఎవరైనా సెలవు పెట్టి ఊరెళితే సీటు చేజారిపోకుండా ఖాళీ కేరేజీని ఎక్కించేవారు. అది రోజూ వర్క్‌షాపు దాకా వెళ్ళి, కొండగాలి పీల్చుకుని, సాయంత్రం ఇంటికి వచ్చేది. ఓ ఫోర్‌మన్ రిటైరైతే ఆయన కిటికీ సీటు కోసం రెండు కేరేజీల మధ్య తగువై యూనియన్ ఆఫీసుదాకా వెళ్ళింది. నేను, ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళు, బజారుకి పోయే ఆడవాళ్ళు కమ్మీలు పట్టుకుని నిలబడేవాళ్ళం. మాకు పాసులుండేవి. కేరేజీని పాసడిగినవాడు లేడు.

ఓరోజు నాకు జ్వరం. నిలబడలేక ఓ కేరేజీని తీసి ఒళ్ళో పెట్టుకుని దాని సీట్లో కూర్చున్నాను. సాయంత్రం ఆ కేరేజీ తాలూకు మనిషి స్కూటరేసుకుని మా ఇంటికొచ్చాడు. "మీ ఇంటావిడ మా కేరేజీని లేపేసిందట" అని మావారితో చెప్పాడు. ఆయన క్షమించమన్నారు కూడా! జ్వరంతో పాటు ఒళ్ళు మండిపోయింది నాకు. ఆనాటి నుంచి కేరేజీలంటే నాకు పడదు.

మా బడిలో ఓ ఆయా ఉండేది. తెలుగు సరిహద్దున కోంటా వైపు గొల్లపల్లి దగ్గర పుట్టిన దొర్ల తెగ మనిషి. కోడలిగా ఇటు వచ్చి, మా కాలనీకి నాలుగు కిలోమీటర్ల కింద ఓ పల్లెలో ఉండేది. పొద్దున్నే సొరకాయ బుర్రలో జావ పోసుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిచి బడికొచ్చేది. మళ్ళీ తొమ్మిది కిలోమీటర్లు నడిచి వెళ్ళేది. కాంట్రాక్టు మనిషి కనుక పాసు లేదు. బస్సులో నిలబడి వెళ్తూ, రోడ్డు పక్కన దుమ్ములో ఆమె నడుస్తూ పోవడం నేను రోజూ చూసేదాన్ని. చెయ్యి ఊపేదాన్ని కూడా. అంతకు మించి ఏమీ తోచలేదు నాకు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇలా ఉండగా మా గనికి కొత్త వెల్ఫేర్ ఆఫీసరు వచ్చాడు. ఉత్తరాదివాడు. ఎక్కడో శిక్షణ పొంది, పెట్రోలూ డీజిలూ పొదుపు చెయ్యాలనే పట్టుదలతో దిగాడు. జనం నడవాలి, సైకిలు తొక్కాలి, బస్సెక్కాలి. దీనికి పదిహేను రోజుల ఉత్సవం. బడిలో సభ పెట్టి, ఇక్కడ బస్సులో వచ్చేవారెవరు అనడిగాడు. నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. ఆ ఎత్తిన చేతిని ఆయన వదల్లేదు. నన్ను కమిటీకి సంయోజికని, అంటే కన్వీనరుని, చేసేశాడు. నాకు లోపల ఎంత సంతోషమైందో! బస్సెక్కమని ఊరంతా చాటితే బస్సుకి ఇక ఢోకా లేదు, బస్సుకి లేకపోతే నాకూ లేదు అనుకున్నాను.

మొదట నడక. ఆదివారం సంతరోజు పొద్దున్న పెట్టారు. నడవడానికి ఆఫీసర్లంతా జీపుల్లోనూ స్కూటర్ల మీదా వచ్చారు. తెల్లటోపీలు పంచారు. నడిచేవాళ్ళ వెనకే ఓ జీపు, అలసిపోతే ఎక్కడానికి. అది మొదటి గేరులో మూలుగుతూ, పొగ మా మొహాల మీదకి వదులుతూ, మైకులో "పైదల్ చలో!", నడిచి పదండి, అని అరుస్తూ వచ్చింది. సరిగ్గా అదే వేళకి పల్లెల నుంచి సంతకి జనం వస్తున్నారు. నెత్తిన చింతపండు గంపలు, చంకలో కోళ్ళు, భుజాన కావిళ్ళు. నడిచేవాళ్ళకి అడ్డొస్తున్నారని సెక్యూరిటీవాళ్ళు తాడు కట్టి వాళ్ళ నడక ఆపేశారు. చీకటితో బయలుదేరి నడిచి వస్తున్నవాళ్ళు తాడు వెనక నిలబడి, మేం నడవడం చూశారు. ఓ ఆఫీసరు వాళ్ళ దగ్గరికెళ్ళి, నడిస్తే గుండెకి మంచిదన్న కరపత్రం తలా ఒకటి ఇచ్చాడు. ఒకామె దాన్ని కోడి కాళ్ళకింద పరిచింది.

తాడు వెనక మా ఆయా కూడా ఉంది.

"ఏంది టీచరమ్మా ఇది?" అంది.

"నడుస్తన్నాం అక్కా."

"యాడికి?"

"ఎక్కడికీ కాదు. ఆ మలుపుదాకా ఎల్లి వచ్చేస్తాం."

"ఉత్తగనే నడుత్తరా!" అని, నా టోపీ వైపు చాలాసేపు చూసింది. నేను తీసేసి చేతిలో పట్టుకున్నాను.

సైకిళ్ళ ఊరేగింపు ఇంకా బాగా జరిగింది. కొండెక్కడం కష్టమని సైకిళ్ళనీ మనుషులనీ లారీల్లో పైకి తీసుకెళ్ళి, అక్కడినుంచి కిందికి వదిలారు. కొందరు పదేళ్ళ తర్వాత సైకిలెక్కుతున్నారు. ఓ ఇంజనీరుగారు బజారు దగ్గర ఆగలేక తిన్నగా ఉల్లిపాయల రాశిలోకి వెళ్ళి ఆగారు. మొదటి బహుమతి ఆయనకే వచ్చింది, అందరికంటే ముందు కిందికి చేరినందుకు.

మూడోది బస్సు. అది నా వంతు. ఆ రెండూ నవ్వులపాలయ్యాయి, నాదైనా ఊరికి పనికొచ్చేలా చెయ్యాలని పంతం పట్టాను. రెండు రాత్రులు ఆలోచించి, తెలుగులోనూ హిందీలోనూ నా చేత్తో ఓ కాగితం రాశాను. "సీటు మనిషి కోసం. కేరేజీ కోసం కాదు." ఆఫీసరుకి తెగ నచ్చింది. సంతకం పెట్టి, ముద్ర కొట్టించి, ఆర్డరు చేసేశాడు. కేరేజీలు కింద పెట్టుకోవాలి, సీట్లలో మనుషులు కూర్చోవాలి.

బస్సులో ఆ కాగితం అంటించబోతుంటే డ్రైవరు నా దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం వైపు పెద్దాయన. నన్ను కూతుర్లా చూసేవాడు.

"అమ్మా, ఆ కేరేజీలు మీకేటి సేసాయి?"

"మనుషులు నిల్చోవడం, గిన్నెలు కూచోవడం ఏటండీ బాబూ?"

"కూకోనీండమ్మా. నెలనెలా నేను బండి లాగుబుక్కులో ఏటి రాస్తన్నాను? సీట్లు నలభై, నిండినయి నలభై అని రాస్తన్నాను. మనిసా గిన్నా అని ఇన్నాళ్ళూ ఎవడూ అడగలేదు. వాటిని కదిపితే బండి కదిలిపోద్ది. మరి మీ ఇట్టం."

నా నెత్తికి ఉత్సాహం బాగా ఎక్కింది, ఆయన మాట చెవికెక్కలేదు. డ్రైవరుకి బద్ధకం, ఆర్డరంటే భయం అనుకుని నాలుగు మూలలా గట్టిగా జిగురు రాసి మరీ అంటించాను.

మర్నాడు కేరేజీలన్నీ సీట్ల కింద, కాళ్ళ దగ్గర, దుమ్ములో ఉన్నాయి. సాయంత్రానికి కింది క్వార్టర్లు భగ్గుమన్నాయి. మొగుడు తినే అన్నాన్ని కాళ్ళ దగ్గర పెడతారా? వెల్డింగు ఫోర్‌మన్‌గారి భార్య మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"టీచరుగారూ, సదువుకున్నోరు మీరు. అన్నవంటే లచ్చిందేవి కాదా? ఆ బస్సుకి మా కేరేజీ ఇంక రాదు. ఏటి సేసుకుంటారో సేసుకోండి" అని వెళ్ళిపోయింది.

అన్నంత పనీ చేశారు. మూడో రోజుకి బస్సులో ఒక్క కేరేజీ లేదు. మగవాళ్ళు స్కూటరు హేండిలుకి కేరేజీ కట్టుకుని, పులుసు పంటలాంలతో డ్యూటీకి పోయారు. పంతం కోసం పులుసు భరించారు. నేను అనుకున్నట్టు ఒక్క మగాడూ స్కూటరు దిగి బస్సెక్కలేదు. నేను, ఓ నలుగురు ముసలివాళ్ళు, ఆస్పత్రికి పోయే ఒకరిద్దరు మాత్రం నలభై సీట్లలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. నాకు కిటికీ సీటు దొరికింది. మూడు రోజులు రాణీలా వెళ్ళానని ఒప్పుకుంటున్నాను.

నాలుగో రోజు ఓ గుమాస్తా అట్ట, కాగితాలు పట్టుకుని బస్సెక్కాడు. పొదుపు ఉత్సవం ఫలితం తెలుసుకోవడానికి పైవాళ్ళు సర్వే వేశారట. వారం రోజులు మా తలలు లెక్కపెట్టాడు. నేను ఆయనకి నవ్వుతూ మిఠాయి కూడా ఇచ్చాను. ఆ తర్వాతి సోమవారం ఆర్డరొచ్చింది. ప్రజలు నడకకీ సైకిళ్ళకీ చక్కగా అలవాటు పడినందువల్ల ఎనిమిదింబావు బస్సు అవసరం తీరిపోయిందనీ, దాన్ని నిలిపివేస్తున్నామనీ అందులో ఉంది. కింద సంయోజికగారికి ప్రత్యేక అభినందనలు. ఉత్సవం వల్ల డీజిలు ఆదా అయిందని రిపోర్టులో గొప్పగా రాశారు. ఆదా అయిన డీజిలంతా నా బస్సుదే.

ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూములో కూర్చుండిపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. జిగురు రాసింది నా చేతులే.

వెంటనే ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను. బస్సు నిండేదే, ఇంకొక్కసారి లెక్కపెట్టండని బతిమాలాను. మంచివాడే, పాపం. ఒక్కరోజు పరీక్షగా నడుపుతాం, నిండితే చూద్దాం అన్నాడు. ఆ సాయంత్రం కింది క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగాను. "కేరేజీలు పంపండమ్మా, సీట్లోనే కూర్చోబెడతాను, నా చేత్తో తుడిచి మరీ కూర్చోబెడతాను" అన్నాను. ఫోర్‌మన్‌గారి భార్య మొహం తిప్పుకుంది కానీ, రోజూ పంటలాం ఉతికి ఆవిడ చేతులు కూడా పడిపోయి ఉన్నాయి. "బుద్దొచ్చిందా?" అనడిగింది. వచ్చిందన్నాను.

మర్నాడు నలభై కేరేజీలూ వచ్చాయి. కొత్త తువ్వాళ్ళు కట్టుకుని వేటి సీట్లో అవి కూర్చున్నాయి. గుమాస్తా ఎక్కి, అటూ ఇటూ చూసి, అట్ట మీద "అయిదు" అని రాసుకున్నాడు. నిండుగా ఉంది కదా బాబూ, సరిగ్గా చూడండి అన్నాను. ఆయన డ్రైవరు వెనకాల అంటించి ఉన్న కాగితం చూపించాడు. సీటు మనిషి కోసం, కేరేజీ కోసం కాదు. కింద ముద్ర, సంతకం. అక్షరాలు గుండ్రంగా, ఎంతో ముద్దుగా ఉన్నాయి. నేను పిల్లలకి నేర్పే దస్తూరీ అది.

బస్సు షెడ్డులోకి వెళ్ళిపోయింది. మావారు మాట నిలబెట్టుకుంటూ, "మరింక ఇంట్లో కూకో" అన్నారు. కూర్చోనన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. తెల్లారి ఏడున్నరకి వంట చేసి మూతలు పెట్టి, గొడుగు తీసుకుని బయలుదేరాను. గేటు దగ్గర మా ఆయా కలిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చింది, రోడ్డంతా ఖాళీగా ఉన్నా సరే.

ఆమెతో సమానంగా నడవడం నావల్ల అయ్యేది కాదు. నా కోసం ఆగేది. పైగా రైలుగేటు ఒకటి. ఇనుపరాయి గూడ్సు వస్తే ఎంతకీ అయిపోయేది కాదు. వ్యాగను వెనక వ్యాగను, తోక కోసం చూసి చూసి కళ్ళు లాగేవి. బస్సుంటే గేటు పడినా చింత లేదు. బస్సు లేటైతే లేట్ మార్కు వేసేవారు కాదు. నడిచేవాళ్ళకి ఆ మినహాయింపు లేదు. గేటు వేసేది మావారే. పచ్చజెండా పట్టుకుని నిలబడి, గేటుకి ఇవతల ఎగిరెగిరి పడుతున్న నన్ను అసలు ఎరగనట్టు చూసేవారు. ఆ చలికాలంలో నాకు పడిన లేట్ మార్కులన్నీ కట్టుకున్నవాడి చేతి మీదుగా పడినవే.

"ఓ నిమిసం ముందు ఎత్తొచ్చు కదా!" అని ఇంట్లో దెబ్బలాడేదాన్ని.

"రైలు కింద పడతావేటి?" అనేవారు. కానీ ఆ మాటలో మునుపటి విసురు లేదు. ఓరోజు అన్నం తనే వండి ఉంచారు. మాడింది. నేను మెతుకు వదలకుండా తిన్నాను.

జనవరిలో ఇరవయ్యారు రాకముందే నాకు రెండు లేట్ మార్కులు పడ్డాయి. ఇంకొకటి పడితే పేరు కొట్టేయక తప్పదని హెడ్‌మిస్ట్రెస్ మెత్తగానే చెప్పింది. ఆ భయంతో తలమునకలై ఉంటే రిపబ్లిక్ డే రోజు గ్రౌండులో నా పేరు పిలిచారు. రోజూ నడిచి డ్యూటీకి వస్తున్న ఏకైక ఉద్యోగినికి ఆదర్శ పాదచారి బహుమతి. శాలువా, స్టీలు బిందె. బస్సు తీసేసి, నడిచినందుకు బిందె! ఆఫీసరు మైకు నా చేతికిచ్చి, నడక లాభాల గురించి రెండు ముక్కలు చెప్పమన్నాడు.

గ్రౌండు చివర నీళ్ళడ్రమ్ము దగ్గర మా ఆయా కనిపించింది. హిందీలో గబగబా చెప్పేశాను. నేను నడుస్తున్నది రెండు నెలల నుంచి, ఆమె పదకొండేళ్ళ నుంచి నడుస్తోంది, అదీ నాకంటే దాదాపు రెట్టింపు దూరం, ఈ బహుమతి ఆమెది, ఆమెను పిలవండి అన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆఫీసరు చిన్నబుచ్చుకుని, ఆమె పేరు ఉద్యోగుల రోల్సులో లేదు కదా అని నా చెవిలో అన్నాడు. నేను దిగి బిందె పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళిపోయాను.

ఆమె బిందె తీసుకోలేదు.

"నాకెందుకది? నడుసుడు నాకొచ్చు టీచరమ్మా. మైకు నీ చేతిల ఉంది గద, బస్సడుగు."

అప్పుడు చూసుకుంటే నిజంగానే మైకు నా చేతిలోనే ఉంది. తీగ గ్రౌండంతా ఈడ్చుకుంటూ వచ్చేశాను. ఆమె అన్న మాట స్పీకర్లలోంచి ఊరంతా వినపడింది. తెలుగు తెలిసినవాళ్ళంతా, అంటే కింది క్వార్టర్లు మొత్తం, ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నేను మైకు పైకెత్తి హిందీలో అడిగాను. మాకు బస్సు కావాలి. నాకు, ఈమెకి, ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళకి. వెనకనుంచి ఫోర్‌మన్‌గారి భార్య లేచి, "మా కేరేజీలకి కూడా!" అని అరిచింది.

ఆఫీసర్లు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. వాళ్ళ పంటలాంల మీద కూడా పులుసు మరకలున్నాయని తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది. నేను ఎగిరి గంతేసి చదివాను. వర్క్‌షాపు సిబ్బంది భోజన సౌకర్యార్థం ఎనిమిదింబావు బస్సును కేరేజీల రవాణాకి పునరుద్ధరించడమైనది. మనుషులను ఎక్కించరాదు.

రెండుసార్లు చదివాను. మూడోసారి చదివే ఓపిక లేకపోయింది.

ఫిబ్రవరి మొదటి వారంలోనే గూడ్సు పుణ్యాన రెండు లేట్ మార్కులు పడిపోయాయి. ఆ రోజు మళ్ళీ గేటు పడింది. ఒకదాని వెనక ఒకటి రెండు గూడ్సులు పోయి గేటెత్తేసరికి ఎనిమిదిన్నర. నా ఉద్యోగం ఆ పూటతో సరి అనుకున్నాను. అక్కడే నిలబడిపోయాను. మా ఆయా నా చేతిలో గొడుగు తీసుకుని, "నడు, నడు" అని తొందరపెడుతోంది. అప్పుడు మా వెనకాల, తనూ గేటు దగ్గర చిక్కుకున్న ఎనిమిదింబావు బస్సు వచ్చి ఆగింది. సీట్ల నిండా కేరేజీలు, కిటికీల్లోంచి తువ్వాళ్ళు కనిపిస్తున్నాయి. డ్రైవరు పెద్దాయన తలుపు తీశాడు.

"ఎక్కండమ్మా. తలో కేరేజీ ఒళ్ళో ఎట్టుకుని కూకోండి."

"నాకు పాసు లేదు" అంది మా ఆయా.

"కేరేజీకి పాసేటి? ఎక్కు."

నేను ఫోర్‌మన్‌గారి కిటికీ సీట్లో ఆయన కేరేజీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో మా ఆయా కూర్చుంది. పదకొండేళ్ళుగా ఆ రోడ్డు మీద నడిచిన మనిషి, ఆ బస్సులో కూర్చోవడం అదే మొదటిసారి. కేరేజీని రెండు చేతులా పట్టుకుంది, కదలకుండా. తన పాదాల వైపు చూసుకుంది. టైము చూసుకుంటే, తొమ్మిదింటి బడికి ఇంకా పావుగంట ఉంది.

బజారు మొదట్లో చెక్‌పోస్టు. సెక్యూరిటీవాడు కిటికీలోంచి తొంగిచూశాడు. మమ్మల్ని చూశాడు, మా ఒళ్ళో కేరేజీలని చూశాడు. ఎన్ని అని హిందీలో అడిగాడు. పెద్దాయన తొణక్కుండా నలభై రెండన్నాడు. లాగుబుక్కులో అదే రాశాడు. వాడు సంతకం పెట్టాడు. బస్సు కదిలింది.

నాకు తల కొట్టేసినట్టయింది. టీచరమ్మనని ఇంత విర్రవీగి, చివరికి ఇలా!

"ఏందట?" అని అడిగింది మా ఆయా.

"మనల్ని కూడా కేరేజీల్లో రాసేశాడు అక్కా" అన్నాను.

ఆమె వెనక్కి జారగిలబడి, బస్సులో ఉన్న కేరేజీలన్నిటినీ ఓసారి కలియజూసింది.

"రాసుకోనియ్యి" అంది. "కూసున్నమా, లేదా?"